టెనెరిఫేలో టూరిస్టులా కాకుండా ఊరి మనుషుల్లా కుదురుకోవాలంటే

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీవారికి హైదరాబాద్ కంపెనీలోనే రిమోట్ ఉద్యోగం. డిజిటల్ నోమాడ్ వీసా మీద నాలుగేళ్ళ పాపతో, స్పెయిన్‌కి చెందిన కనారియాస్ (కానరీ) ద్వీపాల్లో ఒకటైన టెనెరిఫే వచ్చారు. ప్రస్తుతం దక్షిణ తీరంలోని లోస్ క్రిస్తియానోస్‌లో, బీచ్ పక్కనే ఒక హాలిడే అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. డబ్బుకి ఇబ్బంది లేదు, కాగితాల పని నడుస్తోంది. అయినా రోజు గడవట్లేదు, ఎవరితోనూ పరిచయాలు కావట్లేదు, మధ్యాహ్నం అయ్యేసరికి ఏడుపొస్తోంది అన్నారు. ద్వీపంలో ఎటువైపు ఉండాలి, భాష ఎలా, సరుకులు ఎక్కడ, పాప స్కూలు ఎలా, అమ్మానాన్నల్ని ఎప్పుడు పిలిపించుకోవాలి అని అడిగారు.

నేను ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. మా పిల్లలు ఇక్కడి ప్రభుత్వ స్కూల్లోనే చదివారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ముందు ఇల్లు మారండి. మీరున్న వీధిలో మనుషులు వారానికోసారి మారిపోతుంటారు. అక్కడి షాపుల్లో, కాఫీ హోటళ్ళలో పనిచేసేవాళ్ళకి ఎవరి మొహమూ గుర్తుపెట్టుకునే అవసరం రాదు. మిమ్మల్ని చూడగానే ఇంగ్లీషులోకి దిగిపోతారు. అలాంటి చోట ఐదేళ్ళున్నా మీరు అతిథే. మనం ఒక ఊరికి అలవాటుపడాలంటే ముందు ఆ ఊరు మన మొహానికి అలవాటుపడాలి. అందుకు స్థానికులు కాపురాలుండే చోటికి వెళ్ళాలి.

ఎటువైపు అన్నదానికి ముందు ఇక్కడి గాలి సంగతి తెలియాలి. ద్వీపం మధ్యలో 3,715 మీటర్ల తెయిదే అగ్నిపర్వతం ఉంది. ఈశాన్యం నుంచి వచ్చే అలీసియోస్ గాలులు తెచ్చే మేఘాలు ఉత్తరం వైపు కొండలకే ఆగిపోతాయి. అందుకే ఉత్తరం పచ్చగా, చల్లగా, తేమగా ఉంటుంది. దక్షిణం పొడిగా, ఎండగా ఉంటుంది. టూరిజం అంతా దక్షిణానికి పోయిందీ అందుకే. జనజీవనం ఎక్కువగా ఉన్నది శాంతా క్రూస్, లా లగూనా వైపు. మొదటిది ద్వీప రాజధాని, రెండోది యూనివర్సిటీ ఊరు. లా లగూనా పాత పట్టణం 1999 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. ఈ రెండు ఊళ్ళనూ కలుపుతూ 2007 నుంచి ట్రామ్ నడుస్తోంది, కారు లేకుండా బతకొచ్చు. ఎండ లేకపోతే ఉండలేం అనుకుంటే తూర్పు తీరంలో కందెలారియా, గ్విమార్ చూడండి. దక్షిణమే కావాలంటే బీచ్ వదిలి పైకి వెళ్ళండి. పాత అదేఖే, గ్రనదీయా, సాన్ ఇసిద్రో లాంటివి జనం కాపురాలుండే అసలైన ఊళ్ళు.

లా లగూనా నాకు ప్రాణం. కానీ తేమ సంగతి దాచను. ఊరు సముద్రానికి 550 మీటర్ల ఎత్తున ఉంది. ఇళ్ళలో హీటర్లుండవు. చలికాలం రాత్రి పది డిగ్రీలంటే ఇంట్లోనూ దాదాపు అంతే అనిపిస్తుంది. దుప్పటి తడిగా తగులుతుంది, ఉప్పు గడ్డకడుతుంది, ఆరేసిన బట్టలు మూడో రోజుకీ ఆరవు. తేమ పీల్చే మెషీన్ ఇక్కడ ఫ్రిజ్ ఎంత అవసరమో అంత అవసరం. రాత్రి వేసి పడుకుంటే పొద్దున్నకి దాని తొట్టి నిండిపోతుంది. పట్టుచీరలు బయటి గోడకి ఆనించిన బీరువాలో అస్సలు పెట్టకండి, జరీ మీద బూజు మచ్చలు వచ్చాక చేసేదేమీ ఉండదు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు హాలు, కిచెన్ తర్వాత చూడొచ్చు. ముందు పడగ్గదిలో బీరువా వెనక గోడకి అరచెయ్యి ఆనించి చూడండి. గది మొత్తంలో ఒక్క మూలే కొత్తగా పెయింట్ వేసి ఉంటే ఎందుకు వేశారో అడగండి.

ఇల్లు దొరకడం కష్టం, ఇది మీరొక్కరు పడే కష్టం కాదు. హాలిడే అద్దెలకి ఇళ్ళు పోయి, ఇక్కడ పుట్టినవాళ్ళకే ఇళ్ళు దొరకట్లేదు. 2024 ఏప్రిల్ 20న ‘కనారియాస్‌కి ఒక హద్దుంది’ అంటూ అన్ని ద్వీపాల్లోనూ వేలమంది రోడ్డెక్కారు. ఆ కోపం మీ మీద కాదు, కానీ దాని గురించి తెలిసి ఉండటం మర్యాద. సొంతంగా ఉండటానికి, దీర్ఘకాలానికి అద్దెకి తీసుకుంటున్నాం, పాపని ఇక్కడే చదివిస్తాం అని చెప్పండి. ఆ మాటకి విలువుంది. కాగితం మీద ‘తెంపొరాదా’ (తాత్కాలికం) అని రాసి పదకొండు నెలలకి ఇచ్చే కాంట్రాక్టు వద్దు. మామూలు నివాస కాంట్రాక్టయితే యజమాని వ్యక్తి అయినప్పుడు ఐదేళ్ళు ఉండే హక్కు చట్టం ఇస్తుంది. డిపాజిట్ ఒక నెల అద్దె, దానిపైన అదనపు గ్యారంటీ అడిగినా రెండు నెలలకి మించకూడదు. 2023లో వచ్చిన గృహ చట్టం ప్రకారం ఏజెన్సీ ఫీజు యజమానే కట్టుకోవాలి. మీ జీతం ఇండియా నుంచి వస్తుంది కాబట్టి యజమానులు జంకుతారు. ఉద్యోగ కాంట్రాక్టు, జీతం స్లిప్పులు స్పానిష్‌లోకి అనువాదం చేయించి, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో కలిపి ఒక ఫైలుగా పట్టుకెళ్ళండి. సంతకానికి ముందే ఒక్కటి అడగండి: ఈ అడ్రసు మీద పద్రోన్‌లో పేరు ఎక్కించుకోవచ్చా అని. తటపటాయిస్తే ఆ ఇల్లు వదిలేయండి.

పద్రోన్ అంటే మునిసిపాలిటీలో నివాసిగా పేరు నమోదు. స్కూలు సీటుకీ, కార్డుల పనులకీ, రేపు మీరు వెళ్ళబోయే ఏ ఆఫీసుకైనా అదే మొదటి కాగితం. ఒక విషయం చాలామంది గమనించరు. యూరప్ పౌరులు కానివాళ్ళు దీర్ఘకాల రెసిడెన్సీ వచ్చేవరకు దాన్ని రెండేళ్ళకోసారి రెన్యూ చేయించుకోవాలి. లేకపోతే పేరు తీసేస్తారు. ఫోన్‌లో రిమైండర్ పెట్టేసుకోండి. రెసిడెన్సీ కార్డు రాగానే, ఆన్‌లైన్‌లో మీరెవరో రుజువు చేసే డిజిటల్ సర్టిఫికెట్ తీసుకోండి, సగం ఆఫీసులకి వెళ్ళే పని తప్పుతుంది. స్పానిష్ బ్యాంకు అకౌంట్ తెరిచాక బిసుమ్ పెట్టించుకోండి, మన యూపీఐలా ఫోన్‌లోంచి డబ్బు పంపే పద్ధతి అది. స్కూలు పిక్నిక్ డబ్బులైనా, పుట్టినరోజు గిఫ్టుకి తలా ఇంత వేసుకోవడమైనా అందులోనే నడుస్తుంది. మీకు అర్థంకాని కాగితాలకి ‘హెస్తోర్’ అని ఉంటారు, ఫీజు తీసుకుని ఆఫీసు పనులు చేసిపెట్టేవాళ్ళు. టెన్షన్ పడి రాత్రుళ్ళు నిద్ర పాడుచేసుకోవడం కంటే వాళ్ళకి ఇవ్వడం మేలు.

ఇక మనుషుల సంగతి. మీకు అన్నిటికంటే కావలసింది ఇదే.

ఇక్కడ హెల్త్ సెంటర్‌లోగానీ, సంతలో కూరగాయల అంగడి దగ్గరగానీ మనలాగా వరసలో నిలబడరు. అందరూ తలోచోట కూర్చుని ఉంటారు. లోపలికి అడుగుపెట్టగానే అందరికీ కలిపి ‘బ్వేనాస్’ అనాలి, తర్వాత ‘కియెన్ ఎస్ ఎల్ ఊల్తిమో?’ అని అడగాలి, అంటే చివర ఎవరు అని. ఒకావిడ చెయ్యెత్తుతుంది. ఇక మీ వంతు ఆవిడ తర్వాత. మీ తర్వాత వచ్చినవాళ్ళు అడిగితే మీరు చెయ్యెత్తాలి. ఈ పద్ధతి తెలియక చాలామంది మనవాళ్ళు నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్ళిపోతారు, అందరూ ఒక్కసారి చూస్తారు, ఆ చూపుతో మనకి మనసు చివుక్కుమంటుంది. వాళ్ళు మొరటువాళ్ళు అనుకుంటాం. అదేమీ కాదు. ఒక్క ‘బ్వేనాస్’తో ఆ గది మొత్తం మీవైపు తిరుగుతుంది. లిఫ్టులో, బస్సెక్కేటప్పుడు, మందుల షాపులో, ఎక్కడైనా పలకరింపు ముందు, పని తర్వాత. షాపులో ఆడవాళ్ళు మిమ్మల్ని ‘మి నీన్యా’ అని పిలుస్తారు, అంటే ‘నా పిల్లా’ అని, అది ఇక్కడి ఆప్యాయత.

కొత్త ఊళ్ళో దిగాక ఒక బేకరీ, ఒక పండ్ల షాపు, ఒక కాఫీ హోటల్, ఒక పార్కు ఎంచుకోండి. రోజూ అవే, అదే టైముకి. పక్క వీధిలో రొట్టె ఇంకా బాగుంటుందని మారకండి. కొన్నాళ్ళకి మీరు అడగకముందే కప్పు మీ ముందుకొస్తుంది. ఆ కాఫీ ఇచ్చే ఆవిడే మీకు డెంటిస్టు పేరు చెబుతుంది, ప్లంబర్ నంబరిస్తుంది, పై ఫ్లోరు ఖాళీ అవుతోందని చెబుతుంది. ఈ ద్వీపంలో మంచి ఇళ్ళు చాలావరకు ఇలా నోటిమాట మీదే చేతులు మారతాయి.

మీవారి పని వేళలు మీకు ఒక వరం. ఇక్కడి గడియారం స్పెయిన్ ప్రధాన భూభాగం కంటే గంట వెనక. ఇండియాతో తేడా చలికాలంలో ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర. ఆయన తెల్లవారుజామునే కూర్చుంటే మధ్యాహ్నం ఒకటి రెండు గంటలకి పని అయిపోతుంది. పాప స్కూలు నుంచి వచ్చేదీ దాదాపు అప్పుడే. చలికాలంలో మూడున్నరకి ఫోన్ చేస్తే ఇంటి దగ్గర రాత్రి తొమ్మిది, అమ్మానాన్న భోంచేసి కూర్చుని ఉంటారు. ఆ కాల్ అయ్యాక ఇంట్లో ఉండకండి. ఇక్కడ చిన్న షాపులు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. ఆరింటి నుంచి పార్కులు నిండుతాయి. తాతయ్యలు, నాయనమ్మలు, స్కూలు పిల్లలు, తల్లులు అందరూ అక్కడే. రాత్రి భోజనం తొమ్మిదింటికి. మన లెక్కలో ఏడింటికి తిని ఎనిమిదింటికి పడుకుంటే ఈ ద్వీపంలో మనుషులు కనబడే గంటలన్నీ మీ చేతిలోంచి పోతాయి. ఆయన త్వరగా పడుకోవాల్సి వచ్చినా మీరూ పాపా వెళ్ళండి.

పాపకి నాలుగేళ్ళంటే ‘ఇన్ఫాంతిల్’ తరగతి. ఆరేళ్ళలోపు తప్పనిసరి కాదు, కానీ ప్రభుత్వ స్కూల్లో ఉచితం. వెంటనే చేర్చండి. ఇంగ్లీషు మీడియం ప్రైవేటు స్కూలు గురించి అడిగారు. స్పెయిన్‌లో ఉండిపోవాలనుకుంటే దాని అవసరం లేదని నేను గట్టిగా చెబుతాను. ఈ వయసులో పిల్లలు మొదట్లో కొన్నాళ్ళు నోరు విప్పరు, కంగారుపడొద్దు, వింటూ ఉంటారు. తర్వాత ఒకరోజు మీకు రాని మాటలు మాట్లాడతారు. ఇంట్లో మాత్రం తెలుగు వదలకండి. స్కూలు సంవత్సరం మధ్యలో వచ్చారు కాబట్టి పద్రోన్ కాగితంతో ఇంటి దగ్గరి స్కూలు ఆఫీసుకి వెళ్ళి ఖాళీ ఉందా అని అడగండి. స్కూల్లో భోజనం పెట్టిస్తే బీఫ్, పోర్క్ వద్దని ముందే రాసివ్వండి. పూర్తి శాకాహారం అన్నిచోట్లా ఉండదు. గేటు దగ్గర పాపని తీసుకోగానే వచ్చేయకండి, పది నిమిషాలు నిలబడండి. నా స్నేహితుల్లో సగంమంది ఆ గేటు దగ్గర దొరికినవాళ్ళే.

మీ స్పానిష్ విషయానికొస్తే, యాప్‌లు నేర్పేది ఎక్కువగా మాద్రిద్ భాషో మెక్సికో భాషో. ఇక్కడ మాట చివర ‘స్’ గాల్లో కలిసిపోతుంది. బస్సుని గ్వాగ్వా అంటారు, బంగాళాదుంపని పాపా అంటారు. క్యూబా, వెనెజువెలాలకి తరతరాలుగా వలసపోయి తిరిగొచ్చిన జనం కాబట్టి పలుకుబడి కరీబియన్‌కి దగ్గర. నేర్చుకున్నది వినబడకపోతే నిరుత్సాహపడొద్దు, చెవి సర్దుకోవడానికి టైమ్ పడుతుంది. ప్రభుత్వం నడిపే భాషా పాఠశాలలు ఉన్నాయి, ‘ఎస్క్వేలా ఒఫిసియాల్ దె ఇదియోమాస్’ అంటారు. శాంతా క్రూస్‌లోనూ లా లగూనాలోనూ ఉన్నాయి. ఫీజు ప్రైవేటు క్లాసులతో పోలిస్తే చాలా తక్కువ. అక్కడ మొరాకో, ఇటలీ, చైనా నుంచి మీలాగే కొత్తగా వచ్చినవాళ్ళు పక్కన కూర్చుంటారు. మునిసిపాలిటీలు శరదృతువులో కుట్లు, ఈత, కోరస్ లాంటి క్లాసులు పెడతాయి, అందులో ఒకటి చేరండి. మాట్లాడక తప్పని చోటు కావాలి.

తిండి గురించి అంత దిగులు అక్కర్లేదు. శాంతా క్రూస్‌లో నుయెస్త్ర సెన్యోరా దె ఆఫ్రికా మార్కెట్‌కి ఒక శనివారం పొద్దున్నే వెళ్ళండి. ఇక్కడివాళ్ళు చయోతా అనేది మన బెంగళూరు వంకాయ. న్యామే అని అమ్మేది చామదుంప, బాగా ఉడకాలి. బుబాంగో అనే గుమ్మడి జాతి కాయ పప్పులో దోసకాయ స్థానంలో వేసుకోవచ్చు. పచ్చి అరటికాయలు, కొబ్బరికాయలు, చింతపండు గుజ్జు వెనెజువెలా వాళ్ళ షాపుల్లో చూడండి. కొత్తిమీర కట్టలు కట్టలు దొరుకుతుంది, ఎందుకంటే ఇక్కడివాళ్ళ ‘మొహో వెర్దే’ కొత్తిమీర, వెల్లుల్లి, జీలకర్ర, నూనె, వెనిగర్ కలిపి నూరిందే. ఉప్పునీళ్ళలో తొక్కతో ఉడికించిన చిన్న బంగాళాదుంపలతో తింటారు. మొదటిసారి తిన్నప్పుడు మన కొత్తిమీర పచ్చడి గుర్తొచ్చి తీరుతుంది. పాపకి పాలల్లో గోఫియో కలిపి ఇవ్వండి, వేయించిన గోధుమ, మొక్కజొన్న పిండి అది, ఇక్కడి పిల్లలందరూ దానిమీదే పెరుగుతారు. కందిపప్పు, మినప్పప్పు ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. కరివేపాకు మాత్రం కష్టం, కుండీలో పెంచుకుంటే దక్షిణాన బతుకుతుంది.

ఆ ఇండియన్ షాపుల వెనక పెద్ద కథే ఉంది. 1852లో ఈ ద్వీపాలని స్వేచ్ఛా రేవులుగా ప్రకటించారు. ఆ సదుపాయం చూసి 19వ శతాబ్దం చివరికే సింధీ వ్యాపారులు వచ్చారు. దేశ విభజన తర్వాత ఇంకా కుటుంబాలొచ్చాయి. మూడో తరం, నాలుగో తరం పిల్లలు అచ్చం ఇక్కడివాళ్ళలాగే మాట్లాడతారు. అందుకే భారతీయులంటే ఇక్కడ వింతేమీ లేదు, అది మీకు పెద్ద సాయం. తెలుగు కుటుంబాలు నాకు తెలిసినవి కొద్దే. దీపావళికి కలవండి, కానీ వాళ్ళ కోసమే ఎదురుచూస్తూ కూర్చోకండి.

నీళ్ళ సంగతి నల్గొండ వైపు వాళ్ళకి చెప్పగానే అర్థమవుతుంది. ఇక్కడ కొండల్లోకి అడ్డంగా తవ్విన సొరంగాల నుంచి భూగర్భజలం తీస్తారు. ఇకోద్, లా గ్వాంచా, సాన్ హువాన్ దె లా రాంబ్లా లాంటి వాయవ్యపు ఊళ్ళలో అగ్నిపర్వత రాళ్ళ వల్ల ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నపిల్లలు కుళాయి నీళ్ళు తాగొద్దని మునిసిపాలిటీలు నోటీసులిస్తుంటాయి. చాలా ఇళ్ళలో తాగడానికి ఐదు, ఎనిమిది లీటర్ల డబ్బాలు కొంటారు. మీరు ఏ ఊరెళ్ళినా ముందు ఈ విషయం కనుక్కోండి.

కొన్ని విషయాలు త్వరగా చెప్పేస్తాను. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ‘పెనిన్సులా, బలెయారెస్’ (ప్రధాన భూభాగం, బలెయారిక్ ద్వీపాలు) అని మాత్రమే ఉంటే మీకు పంపరని అర్థం. కనారియాస్ యూరప్ వ్యాట్ పరిధిలో లేదు, ప్రధాన భూభాగం నుంచి వచ్చే పార్శిల్‌కి కూడా కస్టమ్స్ ఉంటుంది. బదులుగా ఇక్కడి పన్ను మామూలుగా 7 శాతం, అక్కడ 21. విమాన టికెట్ మీద 75 శాతం రెసిడెంట్ డిస్కౌంట్ గురించి అందరూ చెబుతారు, కానీ ఇండియా పాస్‌పోర్టు వాళ్ళకి అది మామూలుగా దీర్ఘకాల రెసిడెన్సీ వచ్చాకే. ఇండియా డ్రైవింగ్ లైసెన్సుని ఇక్కడ మార్చివ్వరు. రెసిడెన్సీ వచ్చిన ఆరు నెలల తర్వాత అది చెల్లదు, డ్రైవింగ్ స్కూల్లో చేరి పరీక్ష పాసవ్వాల్సిందే. ఇప్పుడే చేరండి. ఉత్తరం నుంచి లా లగూనా మీదుగా శాంతా క్రూస్‌కి వెళ్ళే టీఎఫ్-5 రోడ్డు మీద పొద్దున్న ట్రాఫిక్ చూశాక ట్రామ్ దగ్గర ఇల్లెందుకు చూడమన్నానో తెలుస్తుంది. సహారా దుమ్ము మోసుకొచ్చే కలీమా వచ్చిన రోజుల్లో కిటికీలు మూసి పాపని ఇంట్లో ఉంచండి. 2020 ఫిబ్రవరిలో దానివల్ల విమానాశ్రయాలే మూసేశారు.

చివరగా అమ్మానాన్నల సంగతి. షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులు ఉండొచ్చు. మోకాళ్ళ నొప్పులున్నాయన్నారు కాబట్టి జనవరి, ఫిబ్రవరి వద్దు, ఉత్తరాన ఉంటే మరీ వద్దు. మే, జూన్‌గానీ సెప్టెంబరు, అక్టోబరుగానీ మంచిది. మీ ఇంట్లోనే దిగుతారు కాబట్టి నేషనల్ పోలీస్ ఆఫీసులో ‘కార్తా దె ఇన్వితసియోన్’, అంటే ఆహ్వాన పత్రం, తీసుకోవాలి. దానికి అద్దె కాంట్రాక్టు, పద్రోన్ అడుగుతారు, హాలిడే అపార్ట్‌మెంట్ అడ్రసుతో కష్టం. అపాయింట్‌మెంట్ దొరకడానికీ, లెటర్ రావడానికీ వారాలు పడుతుంది. ఒరిజినలే కొరియర్‌లో అమ్మానాన్నలకి పంపాలి. అందుకే ఆ కాగితం వాళ్ళ చేతికి అందే తేదీ తేలాకే హైదరాబాద్‌లో వీసా అపాయింట్‌మెంట్ బుక్ చేయమనండి. టికెట్లు మాద్రిద్ మీదుగా తీసుకుంటే అక్కడ ఇమిగ్రేషన్ కోసం కనీసం మూడు గంటల గ్యాప్ ఉండేలా చూడండి.